పేరు పెట్టి పిలవని చోట

మా సంఘంలో సాక్ష్యం చెప్పడమంటే అందరికీ హుషారే. ఆదివారం ఆరాధన చివర్లో పాస్టరు గారు "ఎవరన్నా ప్రభువు చేసిన మేలు చెప్పాలనుకుంటే" అనడమే ఆలస్యం, కొంగు సర్దుకుంటూ నలుగురు లేస్తారు. తప్పిపోయిన బస్సు బదులు దేవుడు ఇంకో బస్సు పంపాడనేవాళ్ళ దగ్గర్నుంచి, వంటింట్లో నిలబెట్టి తమతో మాట్లాడాడనేవాళ్ళ దాకా ఉంటారు. నేను మాత్రం ఎప్పుడూ లేవను. పోయిన ఎండాకాలం మా నాయిన తప్పిపోయి దొరికాడు. ఆ వానాకాలంలోనే ప్రభువునందు నిద్రించాడు. అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. "నువ్వు చెప్పాలె అక్కా, అది మామూలు సాక్ష్యం కాదు" అంటారు. చెప్పనంటే పొగరు ఎక్కువైందంటారు. పైగా ఈ మధ్య ప్రార్థన చేయమన్నా కళ్ళు మూసుకుని ఊరికే ఉంటున్నానని, విశ్వాసంలో చల్లారిపోయానని కూడా అనుకుంటున్నారట. అనుకోనీ.

మైకు ముందు చెబితే చివర్లో అందరూ హల్లెలూయ అంటారు. ఆ మధ్యాహ్నం జరిగింది హల్లెలూయ అని చప్పట్లు కొట్టే సంగతి కాదు. తలచుకుంటే ఇప్పటికీ నా వీపు చల్లబడుతుంది. అందుకే మైకులో చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

నాయిన ఇల్లందు బొగ్గు బాయిలో పని చేసి రిటైరైన మనిషి. చాలా ఏళ్ళు అక్కడి సంఘానికి పెద్ద. ఆయన ప్రార్థనకు లేస్తే, పొయ్యి మీద పెట్టి వచ్చిన కూర గురించి ఆడవాళ్ళు బెంగపడేవాళ్ళు. అంత పొడుగు ప్రార్థన. ఇంట్లో మాత్రం మాట తక్కువ. గడప దగ్గర ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వినబడగానే నేనూ తమ్ముడూ పుస్తకాలు తెరిచేవాళ్ళం. తండ్రి మాట వినాలి, తండ్రిని ఘనపరచాలి అని సండే స్కూల్లో చెప్పినప్పుడల్లా నాకు పరలోకం గుర్తొచ్చేది కాదు, ఆ చెప్పుల చప్పుడే గుర్తొచ్చేది. పెద్దయ్యాక కూడా "తండ్రీ" అని ప్రార్థన మొదలుపెడితే నా నడుము తనంతట తనే నిటారుగా అయ్యేది. కావలసినవన్నీ గబగబా అప్పజెప్పి, ఆమెన్ అనేసి లేచిపోయేదాన్ని. అవతలి నుంచి ఏమన్నా వస్తుందేమోనని ఒక్కనాడూ ఆగలేదు. ఆగాలంటే నిజంగానే భయం వేసేది.

అమ్మ పోయాక నాయిన మా తమ్ముడి దగ్గర ఉన్నాడు. అశ్వారావుపేట అవతల, అడవి మొదలయ్యే చోట తమ్ముడికి పామాయిల్ తోట ఉంది. తోటలోనే ఇల్లు. నేను ఖమ్మంలో ఒక దవాఖానా ల్యాబులో టెక్నీషియన్‌ని. అక్కడే ఖానాపురం హవేలి ఏరియాలో కిరాయికి ఉంటాం. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయి చూసి వచ్చేదాన్ని. పోయిన ప్రతిసారీ ఆయన ఇంకొంచెం తగ్గిపోయి కనిపించేవాడు. మొదట తాళంచెవులు మరిచిపోయాడు, ఆ తర్వాత రోజులు, ఆ తర్వాత మనుషులు. ఒకసారి నన్ను చూసి, "ఎవరమ్మా మీరు, ఏ ఊరు? కూసోండ్రి" అన్నాడు. జీవితంలో నాతో అంత మర్యాదగా మాట్లాడింది అప్పుడే. నవ్వాను. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను.

ఇంకొక కొత్త అలవాటు మొదలైంది. పొద్దు వాలేసరికి కండువా భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఎటు పోతున్నవ్ నాయినా అని అడిగితే, "పిలుస్తరేమోనని" అనేవాడు. ఎవరు పిలుస్తారంటే మళ్ళీ రోడ్డు వైపు చూసేవాడు. ప్రభువు పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు, పెద్దాయన సిద్ధపడ్డాడు అని అక్కడి పాస్టరు గారు అన్నారు. మేమూ అదేననుకున్నాం.

ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. తోటకు కొద్ది దూరంలో రేకుల షెడ్డులో ఆరాధన. లోపల ఉక్కపోతకు నాయిన తట్టుకోలేడని బయట వేపచెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పాటలు అయ్యాయి, వాక్యం అయింది, బయటికి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పులు మాత్రం కుర్చీ ముందు పక్కపక్కనే ఉన్నాయి, మనిషి ఇంకా కూర్చునే ఉన్నట్టు. నేను కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

నాయినకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ సగంలో వదిలేశాడు. పైన ఎండ మండుతోంది, చేతిలో నీళ్ళ సీసా లేదు. షుగర్ పడిపోతే ముసలి మనిషి గతి ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తోట దాటితే వాగు, వాగు దాటితే భద్రాచలం దాకా సాగిపోయే అడవి. పొద్దు గూకే లోపల దొరక్కపోతే ఇక దొరకడని తమ్ముడూ నేనూ పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

సంఘమంతా ఆరాధనకు కట్టుకున్న మంచి బట్టలతోనే తోటలోకి దిగింది. పాస్టరు గారు మైకు డబ్బాను ఆటోలో పెట్టించి, తోట చుట్టూ ఉన్న మట్టి బాట మీద తిరుగుతూ నాయిన పేరు పిలవడం మొదలుపెట్టారు.

పామాయిల్ తోట బయటి నుంచి చూసినవాళ్ళకు పచ్చగా కళకళలాడుతుంది. లోపలికి పోతే కథ వేరు. పైన మట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉంటుంది. ఎటు తిరిగినా ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే దూరం. ఇప్పుడే దాటిన చెట్టు మళ్ళీ ఎదురొచ్చినట్టు ఉంటుంది. నరికిన మట్టలు సాళ్ళ మధ్య కుప్పలు కుప్పలుగా ఎండిపోయి ఉంటాయి. వాటి కింద ఎలుకలు, ఎలుకల కోసం పాములు. పిట్ట పలకదు. మనం అరిచిన అరుపు నాలుగు చెట్లు దాటక ముందే మెత్తబడి ఆగిపోతుంది.

మైకు గొంతు మాత్రం వచ్చేది. ఒకసారి కుడి పక్క నుంచి, ఒకసారి వెనక నుంచి, ఒకసారి మేం పోతున్న దిక్కు నుంచే. నాయిన పాత పేరు, బాప్తిస్మంలో పెట్టిన పేరు, రెండూ కలిపి. అది పాస్టరు గారి గొంతేనని నాకు తెలుసు. అయినా ఆ చెట్ల మధ్య వింటూ నడిచినకొద్దీ అది ఎవరి గొంతూ కాకుండా పోయింది. మనిషి లేకుండా పేరొక్కటే తోటంతా తిరుగుతున్నట్టు అనిపించింది.

తమ్ముడి కుక్క మాతోపాటే వచ్చింది. రోజూ ఆ తోటలోనే పడి తిరిగే కుక్క. తోట మధ్యకు వచ్చేసరికి కూర్చుండిపోయింది. వాడు పిలిచాడు, తిట్టాడు, మెడ పట్టుకుని లాగాడు. అది తోక ముడిచి వాగు వైపే చూస్తోంది గానీ అడుగు వేయలేదు. దాన్ని అక్కడే వదిలేసి మేమిద్దరం ముందుకు పోయాం.

కాస్త దూరం పోయాక, పక్క సాలులో ఎండు మట్ట మీద అడుగు పడిన చప్పుడైంది. మేం ఆగాం. అదీ ఆగింది. మళ్ళీ నడిస్తే అదీ నడిచింది. తమ్ముడు నాయిన పేరు పెట్టి గట్టిగా అరిచాడు. 

"పందేమో అక్కా," అన్నాడు. ఆ మాట వాడే నమ్మలేదు. నేను కుప్పల మీదుగా పక్క సాలులోకి పోయి చూశాను. ఎవరూ లేరు. ఒక మట్ట మాత్రం దాని మీది నుంచి ఎవరో అప్పుడే కాలు తీసినట్టు మెల్లగా పైకి లేస్తోంది.

తోట చివర గెలలు కోసే కూలీల గుడిసె ఉంది. వాకిట్లో అడవి పల్లె నుంచి వచ్చిన ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. ఎవరన్నా పెద్దాయన ఇటు వచ్చాడా అని అడిగాం.

"మనిషిని చూడలే," అంది. "గొంతు విన్న. పొద్దటి సంది వాగు దిక్కు నుంచి ఎవరో పిలుస్తనే ఉన్నరు."

"మైకా?"

"మైకు గాదు బిడ్డా. మీ మైకు రాకముందు సంది. ముసలి గొంతు. పేరు లేదు, ఏం లేదు. ఉత్త కేక. పిలిచి ఆగుతున్నరు, మళ్ళ పిలుస్తున్నరు."

"మరి నువ్వు పలకలేదా?" అన్నాడు తమ్ముడు.

"నన్ను గాదు కద పిలిచింది," అని మళ్ళీ చింతపండులో పడింది.

పేరు లేదు, ఉత్త కేక. ఆ రెండు మాటలు వినగానే మా తాత ఊరు నా కళ్ళ ముందుకు వచ్చింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

నాయిన పుట్టిన ఊరు అడవి అంచున ఒక చిన్న గూడెం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మేం అక్కడికి పోయేవాళ్ళం. ఇంటిల్లిపాదీ తునికాకు కోతకు అడవికి పోతే వెంట పోయేవాళ్ళం. ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. అడవిలో మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. "అడవికి మన పేరు తెలిసిందంటే అది గూడ పిలవడం నేర్చుకుంటది" అనేవాడు తాత. పేరు వినబడితే ఎవరి గొంతైనా సరే పలకొద్దు, అమ్మ గొంతైనా సరే. పిలవాలంటే ఒక్కో ఇంటికి ఒక్కో కేక ఉండేది. మా ఇంటిది మొదట ఒక పొడుగు కేక, ఊపిరి తీసుకునేంత ఆగి, వెంట రెండు పొట్టివి. అది ఇంటి పెద్ద ఒక్కడే వేయాలి. మిగతావాళ్ళు వయసు వరసన ఒక్కొక్కరు "ఊ" అని పలకాలి, అంతే. కేక ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియకపోతే తిరగొద్దు, ఉన్నచోటే కూర్చోవాలి. పిలిచినవాడే వచ్చి తీసుకుపోతాడు.

 నాయిన మతిలో ఇల్లందు లేదు, సంఘం లేదు, మేం లేం. మిగిలిందల్లా ఆ గూడెం పిల్లవాడే. అలాంటివాణ్ణి చెట్ల మధ్య వదిలి, ఇంతమంది చుట్టుముట్టి పేరు పెట్టి పిలుస్తున్నాం. పైగా మైకు పెట్టి మరీ.

పాస్టరు గారికి ఫోన్ చేశాను. "మైకు ఆపండి."

"అమ్మా, వాగు పక్క ఇంకొక్క రౌండు వేసి..."

"ఆపండన్నా కదా! మీరు పిలుస్తున్నందుకే ఆయన వస్తలేడు. అందర్నీ నోరు మూసుకుని ఉన్నచోటే నిలబడమనండి."

పాస్టరు గారితో నేను అంతకు ముందెప్పుడూ అలా మాట్లాడలేదు.  తర్వాత మైకు ఆగిపోయింది. అటూ ఇటూ అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్నీ ఆగాక తెలిసింది ఆ తోట ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఇంతసేపూ మా అరుపులు ఆగడం కోసమే అది కాచుకుని కూర్చుందనిపించింది.

తమ్ముడికి కేక గుర్తు లేదు. వాడప్పుడు మరీ చిన్నవాడు. నాకు గుర్తుంది గానీ వేయడానికి నోరు రాలేదు. అది తండ్రి కేక. తాత నుంచి నాయిన తమ్ముడికి, మా చిన్నాయనకు పోయింది. చిన్నాయన కొడుకుల్లేకుండానే పోయాడు, దాంతో ఆ కేకా పోయింది. ఆడపిల్ల వేయడం నేనెన్నడూ వినలేదు. అన్నింటికన్నా పెద్ద భయం ఇంకొకటి. ఆ ముసలామె చెప్పినట్టు వాగు వైపు నుంచి పొద్దుటి నుంచీ ఎవరో పిలుస్తున్నది నిజమైతే, నేను ఎవరి స్థానంలో నిలబడి పిలుస్తున్నట్టు? తండ్రీ, నన్ను తప్పు పట్టకు అనుకున్నాను. ఏ తండ్రిని అడిగానో నాకే తెలియదు.

మొదటి కేక కోడిపుంజు గొంతు నొక్కినట్టు వచ్చింది. ఇంకో సమయంలో అయితే తమ్ముడు పడీ పడీ నవ్వేవాడు. కళ్ళు మూసుకుని, తాత నిలబడినట్టే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కడుపులోంచి మళ్ళీ వేశాను. పొడుగుది ఒకటి. ఆగి, పొట్టివి రెండు. ఈసారి వచ్చిన గొంతు నాది కాదు. నాకంత లావు గొంతు లేదు.

"ఊ."

మా వెనకే వినబడింది. ఎక్కడో వాగు దగ్గర కాదు, మా వెనక రెండో సాలులో. ఇంతసేపూ మేం ముందుకూ వెనక్కూ తిరిగిన చోటే.

మట్టల కుప్ప ఒకటి కదిలింది. దాని వెనక గొంతుక్కూర్చుని, ఒంటి మీదికి మట్టలు లాక్కుని నాయిన ఉన్నాడు. ఆకుల సందుల్లోంచి రెండు కళ్ళు మావైపే చూస్తున్నాయి. తెల్లచొక్కా అంతా మట్టి. కాళ్ళు ముళ్ళు గుచ్చుకుని నెత్తురు కారుతున్నాయి.

తమ్ముడు "నాయినా!" అని ఉరికాడు.

"ఆగు," అన్నాడు నాయిన. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో పాత గట్టిదనం వినబడింది. "ఆడ బాయి ఉంది. సుట్టు తిరిగి రా."

తమ్ముడు ఆగి, కాలు పెట్టబోయిన చోట మట్ట పైకెత్తాడు. కింద పాత వ్యవసాయ బావి, గట్టు లేకుండా, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. పూడ్పిస్తా పూడ్పిస్తా అని వాడు ఏళ్ళ నుంచి అనుకుంటున్న బావి. నాయిన కూర్చున్న చోటికీ దానికీ మధ్య మనిషి పడుకునేంత జాగా కూడా లేదు. వాడు చుట్టూ తిరిగి వచ్చాడు. నేనూ వాడి వెనకే పోయి నాయిన ముందు కూర్చున్నాను.

నన్ను చూడగానే నాయిన భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు గూడెంలో అందరూ అలాగే చేసేవాళ్ళు. తల వంచుకున్నాడు.

"పొద్దటి సంది పిలుస్తనే ఉన్నవ్ నాయినా," అన్నాడు నాతో. "ఏ దిక్కో సమజ్ గాలే. ఈడికి వచ్చినంక ఇగ కదలొద్దు, కూసో అన్నవ్. కూసున్న."

తమ్ముడు నా మొహంలోకి చూశాడు. నేను వాడి మొహంలోకి చూడలేదు. నేను పిలిచింది అప్పుడే, వాడి కళ్ళ ముందే. పొద్దుటి నుంచి కాదు. కూర్చోమని నేను ఎవరికీ చెప్పలేదు.

"గీళ్ళెవరు?" నాయిన గొంతు తగ్గించి చెట్ల వైపు చూపించాడు. "నా పేరు పట్టుకొని తిరుగుతున్నరు. ఆ దిక్కు నుంచి, ఈ దిక్కు నుంచి. శానా దగ్గరికొచ్చిండ్రు. పిల్లల గొంతుతోని గూడ పిలిచిండ్రు. నేను పలకలే."

పిల్లల గొంతు అంటే నాదీ, తమ్ముడిదీ. ఆ తోటలో తిరిగిన దయ్యాలం మేమేనన్న మాట. మతి తప్పిన మనిషి మమ్మల్ని చూసి ఊపిరి బిగబట్టి దాక్కున్నాడని తెలిసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది, భయమూ వేసింది.

తమ్ముడు వెంట తెచ్చిన గ్లూకోజు నీళ్ళ సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టాడు. నాయిన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అయినా తాగలేదు. నావైపు చూశాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తండ్రి చెప్పకుండా ఎలా తాగుతాడు?

"తాగు," అన్నాను. సీసా మొత్తం ఎత్తి తాగేశాడు.

మేం ఏం చెబితే దానికి అడ్డం తిరిగే మనిషి. స్నానం వద్దు, మాత్ర వద్దు, నువ్వెవరు చెప్పడానికి అని చెయ్యెత్తిన మనిషి. ఒక్క మాటకు తాగేశాడు. తండ్రి మాట వినడమంటే ఏమిటో ఆయన మాకు వేదిక మీద నిలబడి చాలాసార్లు చెప్పాడు. చేసి చూపించింది మాత్రం ఆ మట్టల కుప్ప వెనకే. అందులో నేను చిన్నప్పుడు పడిన భయం లేదు. నాకు అసూయలాంటిది కలిగింది. నేను ఏ తండ్రి దగ్గరా అలా కూర్చోలేదు.

మైకు ఆగాక వెతుక్కుంటూ వచ్చిన పాస్టరు గారూ, సంఘం వాళ్ళూ సాళ్ళ మధ్య నిలబడి చూస్తున్నారు. దగ్గరికి రావద్దని చెయ్యి ఎత్తాను. ఇక లేపి ఇంటికి తీసుకుపోదామని నేను లేవబోతుంటే నాయిన నా కొంగు పట్టుకున్నాడు.

"నాయినా, నా మీద కోపం పోయిందా?"

 ఆ కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయినకు మీసాలు వస్తున్న వయసులో గూడేనికి ఒక బోధకుడు వచ్చాడు. ఆ మాటలు విని నాయిన వాగులో బాప్తిస్మం తీసుకున్నాడు. తడి బట్టలతో ఇంటికి వస్తే తాత గడపలో నిలబడ్డాడు. "ఇంకో తండ్రిని చూసుకున్నవ్ కద. ఇగ ఆయనే పిలుస్తడు, పో" అన్నాడు. అంతే. నాయిన ఇల్లందు వచ్చి బాయిలో చేరాడు. మమ్మల్ని సెలవులకు తాత దగ్గరికి తెచ్చి, గూడెం బస్సు స్టేజీ దగ్గర దించేవాడు. తను గూడెంలో కాలు పెట్టేవాడు కాదు. మళ్ళీ బస్సు వచ్చేదాకా రోడ్డు మీదే నిలబడేవాడు. తాత పోయినప్పుడు కూడా దూరంగా నిలబడే చూశాడు.

"పోయిందని చెప్పక్కా," అన్నాడు తమ్ముడు నా చెవిలో.

వాడికి తేలికే. తండ్రి పేరు మీద అబద్ధం ఎలా చెప్పను? కోపం పోయిందో లేదో మా తాత ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఇన్నాళ్ళు కండువా వేసుకుని ఎదురుచూసిన మనిషికి, నా గొంతు కాని గొంతుతో పిలిచి, నాది కాని క్షమాపణ ఇచ్చి, బుజ్జగించి ఇంటికి తోలుకుపోవడం నాకు పాపమనిపించింది. ఆయన కొంగు వదలడం లేదు. నా మొహం వైపే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి.

అప్పుడు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో, ఎవరు గుర్తు చేశారో నేను చెప్పలేను. ఎండాకాలం సెలవుల్లో, పొద్దు వాలాక తాత అడవి అంచున నిలబడి కేక వేసేవాడు. వయసు వరసన ముందు చిన్నాయన పలకాలి. కానీ ఆయన వెంటనే పలికేవాడు కాదు. ఒక ఊపిరంత సేపు అందరూ ఆగేవాళ్ళు. తాత తల పక్కకు వంచి ఏదో వింటున్నట్టు నిలబడేవాడు. ఆ తర్వాతే చిన్నాయన "ఊ" అనేవాడు. రోజూ అంతే. ఒకనాడు నాకు ఆకలేసి, ఆ ఖాళీలో నేనే గట్టిగా "ఊ" అన్నాను. నాయనమ్మ నోటి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఆ జాగా నీది గాదే" అంది. ఎవరిది అంటే చెప్పలేదు.

చిన్నాయన కన్నా పెద్దవాడు మా ఇంట్లో ఒక్కడే. ఆ ఒక్కడూ ఆ సమయంలో చాలాసార్లు బస్సు స్టేజీ దగ్గర నిలబడి ఆ కేక వినేవాడు. అది తనకు కాదనుకుని బస్సెక్కి పోయేవాడు.

మా తాత మాట కాఠిన్యం నాకు తెలుసు. కానీ ఆయన ఏనాడూ ఆ జాగా ఇంకొకరికి ఇవ్వలేదు.  నాయిన కొంగు పట్టుకున్న చేతి మీద నా చెయ్యి వేశాను.

"కోపం ఎన్నడో పోయింది బిడ్డా," అన్నాను. బిడ్డా అని మా నాయిన్ని పిలిచాను. "పిలిచినప్పుడల్లా నీ కోసం ఆగిన."

నాయిన ఆ మాట విని చాలాసేపు ఆలోచించాడు. 

"మరి నేను పలకలే కద నాయినా?"

"ఇప్పుడు పలికినవ్ కద," అన్నాను.

ఆయన అవునా అన్నట్టు ఒకసారి చెట్ల వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, ఎత్తుకోమని అడిగే పిల్లవాడిలా రెండు చేతులూ పైకి చాచాడు.